బందరు నుంచి గుడివాడకు ఐసు దిమ్మతో

అయ్యా, అమ్మా, నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం ఇదే మొదలు. గుణింతాలు తప్పితే తిట్టుకోకండి.

నాది బందరు, చేపలమ్ముతాను. మా అమ్మాయి నాగమణి గుడివాడలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుతామన్నారు. ఆ రోజు పదింటికి హెడ్మాస్టరుగారు దాని పాఠం వింటారట. పాఠం హిమానీనదం, అంటే కొండ మీద నుంచి మెల్లగా జారే మంచు. అది మోసుకొచ్చే రాళ్లు కింద నేలను గీకుతాయట. అది చూపించడానికి ఇసుక, గులకరాళ్లు వేసి గడ్డకట్టించిన ఐసు తెమ్మంది.

ముందురోజే అవన్నీ ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సత్తిబాబుకిచ్చి చెప్పాను. పొద్దున చిన్న దిమ్మను ఊకలో పెట్టి, గోనెసంచి చుట్టి ఇచ్చాడు. ఏడు గంటల పాసింజరు ఎక్కాను. పెడన దాటగానే ఎదురు సీటు పెద్దాయన కాళ్లు పైకెత్తాడు.

"ఏంటమ్మా, నీ సంచి నా చెప్పులు కడుగుతోంది?"

సంచి విప్పితే దిమ్మ అద్దంలా ఉంది. ఒక్క ఇసుక రేణువు లేదు! సత్తిబాబుకి ఫోన్ చేశాను.

"రాళ్ల ఐసు పెడితే చేప చిట్లిపోదా అక్కా? పరాకులో చెప్పావనుకుని మంచినీళ్లు పోయించా."

గుడివాడలో దిగి, స్టేషన్ బయట నల్లమట్టి తీసి దిమ్మకు పులిమాను. ఆటో అబ్బాయి నోరు తెరిచాడు.

"ఐసుకు మట్టి కొడుతున్నారేంటి పిన్నిగారూ?"

"మట్టి లేకపోతే మా అమ్మాయి ఉద్యోగం పోద్ది బాబూ. నువ్వు పోనీ."

తొమ్మిదికల్లా బడికి చేరాను. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. "వరండా తడిసిపోద్ది, ఇక్కడే కూర్చో." సంచి కప్పితే మట్టి దానికి అంటుకుపోతుందని, దిమ్మను అలాగే ఎండలో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఐసుతో ప్రయాణం చేసేవాళ్లు ప్లాస్టిక్ సంచి కూడా తీసుకెళ్లండి. నా చీర సంగతి చెప్పను.

పదింటికి నాగమణి వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లి క్లాసు వెనక నిలబెట్టింది. దిమ్మను వాలుగా పెట్టిన చెక్క మీద జార్చింది. చెక్క తడిసింది, అంతే.

"గీతలేవండీ?" అన్నారు హెడ్మాస్టరుగారు.

ముందు బెంచీ పిల్ల లేచింది. "టీచర్, మట్టి ఐసులోకి దిగిపోయింది!"

చూస్తే నిజమే. దిమ్మ పైన చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో కాసిని నీళ్లు, అడుగున చిటికెడు మట్టి.

నాగమణి మొహం వెలిగింది. "నల్లటిది ఎండకు తొందరగా వేడెక్కుతుంది. కింది ఐసును కరిగించుకుంటూ దిగుతుంది. హిమానీనదం మీదా ఇలాగే గుంటలు పడతాయి. ఆ నీళ్లలో కంటికి కనపడని జీవులు బతుకుతాయి."

హెడ్మాస్టరుగారు కళ్లజోడు పెట్టుకుని గుంటలో వేలు పెట్టారు. "అంత చలిలోనా!" గీతల సంగతే మరిచిపోయారు. పక్క క్లాసు పిల్లల్ని కూడా పిలిపించారు. గంట కొట్టాక, "ఇక మీరు ఇక్కడే ఉంటారమ్మా" అన్నారు నాగమణితో.

ఒంటిగంట బండికి తిరిగొస్తుంటే గుడ్లవల్లేరు దగ్గర సత్తిబాబు ఫోన్.

"ఐసు శుభ్రంగా ఉందన్నారా అక్కా?"

"మెచ్చుకున్నారు సత్తిబాబూ" అన్నాను. ఇంకేం చెప్పను?

ఇందులో తప్పులుంటే మన్నించండి. సత్తిబాబులా శుభ్రం చేసేయకండి, ఎక్కడివక్కడే ఉండనివ్వండి.