మగ్గాలు ఆగితే వినబడేది

మా అత్త గంగులమ్మ నగరిలోనే పుట్టింది, నగరిలోనే మెట్టింది. చేతిమగ్గాల కాలంలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. కరెంటు మగ్గాలు వచ్చాక వాటికి తెగిన పోగులు అతుకుతూ ముసలిదైంది. మా ఇంట్లో ముందు హాలంతా మగ్గాలే. వాటి వెనక వంటిల్లు, రెండు గదులు. పగలు మా ఆయన మోహన నడుపుతాడు, రాత్రి కూలికి వచ్చే కుప్పయ్య నడుపుతాడు. ఆ మోతలో మాట వినబడాలంటే చెవి దగ్గరికి పోయి అరవాలి. మా ఇంట్లో గుసగుసలు ఎవరికీ తెలియవు.

నూలు నూగు గాలిలో లేచి అన్నం మీదా, దేవుడి పటాల మీదా వాలేది. అది అత్త ఊపిరితిత్తుల్లోనూ వాలిందని తిరుపతిలో డాక్టరు చెప్పేదాకా మాకు తోచలేదు. ఈమె మగ్గాలున్న ఇంట్లో ఉండకూడదన్నాడాయన. తిరుగు బస్సు వడమాలపేట దాటింది.

"మగ్గాలు అమ్మేస్తానమా" అన్నాడు మోహన.

"అమ్మేసి ఏం తింటావు? నా దగ్గునా?" అంది అత్త.

మగ్గాలు పోలేదు. అత్త గదిలోకి కరెంటుతో గాలిని శుభ్రం చేసే మిషను వచ్చింది. దాన్ని బిగించిన మెకానిక్ సునీల్‌కుమార్ మూత తీసి చూపించాడు. లోపల సన్నటి తీగలు, వాటి వెనక దగ్గర దగ్గరగా రేకులు.

"తీగలు దుమ్ముకు కరెంటు పట్టిస్తాయమ్మా, రేకులు లాక్కుంటాయి. నెలకొక తూరి కడగండి. తడి ఆరకుండా మాత్రం పెట్టద్దండి. మురికి పట్టినా, తడున్నా చిటపటమంటాది" అన్నాడు.

నెల అన్నాడు గానీ, మా ఇంట్లో వారం తిరిగేసరికే రేకులు గొర్రెబొచ్చు కప్పుకున్నట్టు అయ్యేవి. అత్త ఆ పని నన్ను ముట్టనిచ్చేది కాదు. మోహన నూలు తేవడానికి బయటికి పోగానే స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, కాసేపు ఆగేది. ముందుండే వలను దులిపేది. రేకుల పెట్టెను గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టేది. నీళ్ళు బూడిదరంగుకు తిరిగేవి. తీగలను తడిగుడ్డతో, మగ్గం మీద పోగులు సవరించినట్టే, ఒక్కొక్కటిగా తుడిచేది.

"పోగు తెగితే అతుకుతాను. ఇది తెగితే యాడ అతికేది?" అని నవ్వేది. నవ్వు వెంటనే దగ్గయ్యేది. దగ్గు తగ్గాక నీళ్ళు చూపించి, "కాలవలో పోసెయ్ మే, వాడు రాకముందే. ఇది సూసినాడంటే మగ్గాలు ఉంచడు" అనేది.

రేకులు మిద్దె మీద ఆరేదాకా ముక్కుకు కొంగు కట్టుకుని గదిలో కూర్చునేది. మిషను చిటపటలాడినా, ఆమె దగ్గినా మగ్గాల మోతలో మోహనకు వినబడేది కాదు. కరెంటు పోతే ఆయన టీ అంగడికి పోయేవాడు. తిరిగొచ్చి అడిగితే, "తగ్గిందిలే రా" అనేది.

ఏడాదికి ఒక్క ఆయుధపూజ నాడే మా మగ్గాలను రోజంతా ఆపుతాం. ఆ ఏడు హాలు కడిగి, మగ్గాలకు గంధం, కుంకుమ పెట్టాం. అత్త పళ్ళెం పట్టుకుని తన గదిలోకి పోయి మిషనుకూ బొట్టు పెట్టింది.

"ఇది మాత్రం మన మగ్గం కాదా? దీనికి పెట్టకపోతే అలుగుతాది" అంది.

నేను నవ్వాను. సాంబ్రాణి ధూపం దాని మూతి ముందు తిప్పబోతే, "అత్తా, దానికి పొగ పడదేమో" అన్నాను.

"దేవుడికి పడేది దీనికి పడదా?"

మిషను పొగనంతా మింగి చిటపటలాడింది. అత్తకు దగ్గు ఎత్తుకుంది. ఆ రోజు ఇంట్లో మోత లేదు. వాకిట్లో దిష్టి తీయడానికి గుమ్మడికాయ పట్టుకున్న మోహనకు రెండూ వినబడ్డాయి. కాయతోనే లోపలికి వచ్చాడు.

"ఏందమా ఇది?"

"సాంబ్రాణి పొగ రా. ఇంకేముండాది."

ఆయన ప్లగ్గు పీకి రేకులు బయటికి లాగాడు. "పొగకు బొచ్చు మొలుస్తాదా?" అన్నాడు. నా వైపు తిరిగి, "ఎప్పుడు కడిగినారు?" అని అడిగాడు.

"మొన్ననే" అన్నాను.

గుమ్మడికాయ కొట్టకుండానే కింద పెట్టేశాడు. "రేపు మగ్గాలు నడవవు" అన్నాడు.

విజయదశమి నాడు మగ్గం కదలకపోతే ఏడాదంతా కదలదని మా అత్త నమ్మకం. తెల్లారి మోహన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అత్త గోడ పట్టుకుని హాల్లోకి నడిచి, మొదటి మగ్గం స్విచ్చి వేసింది. ఆయన పరుగున వచ్చాడు. ఆమె స్విచ్చికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆపినావంటే నా మీద ఒట్టే" అని అరిచింది.

"ఈ గాలే నిన్ను తింటాండాదమా."

"తిననీ రా. నన్ను సాకింది కూడా ఇదే. నిన్ను సాకింది కూడా ఇదే."

మిగిలిన మగ్గాలు మోహనే వేశాడు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఎండ లేదు. ఫ్యాను కింద పెట్టినా రేకుల సందుల్లో తేమ పోయేది కాదు. బిగిస్తే మిషను చిటపటమనేది, తీస్తే అత్తకు ఆయాసం. అట్లా ఒక మధ్యాహ్నం, రేకులు ఫ్యాను కింద ఆరుతుండగానే ఆమె పోయింది. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. బయట మగ్గాలు నడుస్తున్నాయి. ఆమె పోయిందన్న మాట మోహనకు చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది.

కర్మ అయ్యాక మళ్ళీ మగ్గాలు వేశాడు. "ఆ మిషను ఎవరికన్నా ఇచ్చెయ్" అన్నాడు. నాకు చేతులు రాలేదు. గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. మూత మీద అత్త పెట్టిన బొట్టు అట్లాగే ఉంది.

ఈ ఏడు ఆయుధపూజకు హాలు నేనొక్కదాన్నే కడిగాను. గంధం తీశాను, ధూపం కోసం నిప్పులు చేశాను. మగ్గాలు ఆగి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వెనక గదిలో దగ్గు వినబడింది. ఒకసారి కాదు. పొడిగా మొదలై, లోపలెక్కడో పట్టుకుని వదలని దగ్గు. అది నాకు బాగా తెలిసిన దగ్గు.

పోయి చూస్తే మోహన వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని నోరు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి తువ్వాలు మడిచేశాడు.

"సాంబ్రాణి పొగ మే" అన్నాడు.

సాంబ్రాణి పొట్లం నా చేతిలోనే ఉంది. ఇంకా విప్పలేదు.

అటక మీది నుంచి మిషను దించి, రేకులు బయటికి తీసి, పొయ్యి మీద నీళ్ళు పెట్టాను.