సన్నగీత

ఊరి ఆరోగ్య కేంద్రంలో జ్వరపు పరీక్షలు చేసే ఆవిడను అందరూ సూదక్క అంటారు. డాక్టరు కాదు, నర్సూ కాదు. పదో తరగతితో చదువాపి, కేంద్రంవాళ్లిచ్చిన శిక్షణతో మలేరియా పరీక్ష నేర్చుకుంది. వేలు గుచ్చి, నెత్తుటి బొట్టు ప్లాస్టిక్ పట్టీలో వేసి, మందు చుక్కలు పోసి, పావుగంట ఆగాలి. ఒక గీతే వస్తే మలేరియా లేదు, రెండొస్తే ఉంది. రెండోది చిక్కగా ఉన్నా, కనపడీ కనపడనట్టున్నా ఉన్నట్టే లెక్క. ఇంత చిన్న సంగతి జనం బుర్రకెక్కించేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. గీత సన్నగా ఉంటే జబ్బూ సన్నదేనట. సగం మాత్రలు మింగి సగం దాచేవాళ్లు.

ఊరినైతే తిట్టి తిట్టి దారికి తెచ్చింది గానీ, ఇంట్లో తాపీమేస్త్రీ మొగుడి దగ్గర ఆమె మాట చెల్లలేదు. వానల్లో అతనికి చలిజ్వరం వచ్చింది. రెండో గీత సన్నగా తేలింది. పెట్టెలో మిగిలిన ఆఖరి మాత్రల అట్ట అతనికిచ్చింది. మళ్లీ సరుకెప్పుడొస్తుందో పైవాళ్లు ఎప్పుడూ చెప్పరు. మర్నాటికే ఒళ్లు చల్లబడింది. మిగతావి వేసుకుంటున్నావా అని అడిగినప్పుడల్లా ఊఁ అన్నాడు.

కొన్నాళ్లకు వణుకుతూ వచ్చి కేంద్రంలో బల్లమీద కూలబడ్డాడు. ఈసారి గీత చిక్కగా వచ్చింది. పెట్టె ఖాళీ. గట్టిగా నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు: జ్వరం దిగిందిగదా అని మిగిలిన మాత్రలు పనిలో ఒళ్లు వెచ్చబడ్డ కూలీకి దానం చేశాడట. పరీక్షా లేదు, పాడూ లేదు. సూదక్కకు ఒళ్లు మండిపోయింది. వరసలో ఉన్నవాళ్లు వింటున్నారని కూడా చూడకుండా దులిపేసింది. అతను అంతా ఓపిగ్గా విన్నాడు.

“గీత సరిగ్గా రానప్పుడేమో మాత్రలిచ్చావు. ఇప్పుడింత బాగా వస్తే లేవంటావేంటి?”

ఇన్నేళ్లు గొంతు చించుకున్నదంతా దండగేనని ఆమెకనిపించింది. గదికి తాళం వేస్తుంటే వరసలోవాళ్లు సణిగారు. రేపు రమ్మని చెప్పి, అతన్ని పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లే బస్సెక్కించింది.

బస్సులో అతని తల ఆమె భుజం మీదికి వాలింది. కాలిపోతోంది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

“నాకేం కాదుగా?” అన్నాడు, కళ్లు తెరవకుండా.

జ్వరంతో వచ్చిన ప్రతివాడికీ ఏం కాదని చెప్పడం ఆమెకు అలవాటే. ఇతనికి మాత్రం ఆ మాట చెప్పలేకపోయింది.

“చెప్పినట్టు మింగుంటే ఏం కాకపోయేది,” అని కిటికీవైపు తిరిగి ఏడ్చింది.