అక్క హౌజులో చేపలు

నిజాం కాలంలో, నారాయణఖేడ్‌లో మా పెరటి బావి నీళ్ళు ఉప్పగా ఉండేవి. తాగడానికి పనికిరావు. బట్టలకూ పశువులకూ ఆ నీళ్ళే తోడి దొడ్లో ఉన్న పెద్ద రాతి హౌజు నింపేవాళ్ళం. దోమలు పెరగకుండా అందులో చేపలు వేయించింది మా అక్క. మాది నీచు ముట్టని కన్నడపు ఇల్లు. చేపను చూసి మురవడమే తప్ప దాని గుణం తెలిసినవాళ్ళు మా వంశంలోనే లేరు.

చేపలు తెచ్చిచ్చేది మా కంది చేనుకు కూలికొచ్చే ఒక ముసలమ్మ. ఆదివారం మాత్రం ప్రార్థనకు పోయేది. ఉప్పునీళ్ళకు ఏది తట్టుకుంటుందో, ఏది దేనితో కలిసి బతుకుతుందో అంతా ఆమెకే తెలుసు. కానీ ఆమె దొడ్డి గుమ్మం దాటకూడదు. అది మా ఇంటి కట్టుబాటు. కుండ గుమ్మంలో పెట్టి, "పరక చేపలు తెచ్చిన బిడ్డా, గివి కొట్లాడయి" అని చెప్పి పోయేది. హౌజును ఆమె ఎన్నడూ చూడలేదు.

దసరా దాటాక అక్క నాగల్‌గిద్ద వైపు కాపురానికి పోయింది. బండెక్కుతుంటే నేను ఆమె కొంగు వదల్లేదు.

"ఏడ్వకు. నాగుల పంచమికి వస్త గదా, చేపల్ని జూడనీకె. మంచిగ జూస్కో."

ఆ మాట పట్టుకున్నాను. చేపలుంటే అక్క వస్తుంది. ఎక్కువుంటే తప్పకుండా వస్తుంది. ఏడేళ్ళ బుర్రకు అంతకు మించి తోచలేదు.

వాగు తగ్గి మడుగులు మిగిలినప్పుడు, ఒక మడుగులో ఎర్రటి చేపపిల్లలు గుంపుగా తిరుగుతూ కనిపించాయి. అంత అందమైనవాటిని నేనెప్పుడూ చూడలేదు. ఓణీ గుడ్డతో పట్టి తెచ్చి హౌజులో వేశాను. ఎవరినీ అడగలేదు.

చలి పోయేసరికి వాటి ఎరుపు పోయి నల్లబడ్డాయి. పరకలు తగ్గుతూ వచ్చాయి. కాకులు ఎత్తుకుపోతున్నాయని అమ్మ హౌజు మీద తడిక కప్పించింది. దొంగల్ని లోపల పెట్టి కాపలా కాశామన్నమాట! చివరికి గుమ్మం దగ్గర ముసలమ్మతో చెప్పుకుని ఏడ్చాను.

"చిన్నగున్నప్పుడు ఎర్రగుండెనా?"

"అవును."

ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో, గవి కొర్రమట్ట పిల్లలు! తోటి చేపల్ని మింగుతయి. నన్ను ఒక్కపారి లోపలికి రానిస్తె చూడంగనె చెప్పకపోదునా?"

నా వెనకే నిలబడ్డ అమ్మ విననట్టే లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆరోజు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది.

పంచమికి అక్క వచ్చింది. అప్పటికి హౌజులో ఒక్కటే కొర్రమట్ట, తన తోడబుట్టినవాటిని కూడా మింగి బలిసి ఉంది. నేను కందికట్టెల చాటున దాక్కున్నాను. అక్క వెతికి బయటికి లాగింది.

"చేపలు లేవు. ఇగ నువ్వు రావు" అని వెక్కివెక్కి ఏడ్చాను.

అక్క నవ్వి ఒళ్ళోకి తీసుకుంది. "పిచ్చిదానా, చేపల కోసం వస్తనా? నీ కోసం వస్త."

ఏడాదంతా ఆ మాటతోనే గడిపాను. మళ్ళీ పంచమికి నాన్న బండి కట్టుకుని పోయి ఒక్కడే తిరిగొచ్చాడు. "అత్తగారోళ్ళు పంపుతలేరు" అన్నాడు. ఆ తర్వాతి ఏడూ అంతే. ఆ తర్వాత నాన్న పోవడం మానేశాడు.

చేపలు లేవని రాలేదంటే, తప్పు నాదేనని ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ నా కోసం వస్తానంది. నేనున్నాను కదా. ప్రతి పంచమికీ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను కదా.