‘ఏం లే’ అన్న కంప్యూటర్

ఎవరైనా నన్ను తెలివైనదానివని మెచ్చుకుంటే ఇన్నేళ్లయినా నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఎందుకో మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీకు చెప్పేస్తాను. మధ్యలో నా మాటల్లో హుషారు వినిపిస్తే కోప్పడకండి. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాకు సిగ్గేసేదీ అందుకే.

తొంభైల చివర్లో వనపర్తిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. శివన్న అక్కడే, వచ్చినవాళ్లు చెబుతుంటే టైపింగ్ చేసేవాడు. గద్వాల నేతవారి ఇంటివాడు. చూపు లేదు. కీబోర్డు మీద ఆయన వేళ్లు పడుతుంటే వానే! కానీ బయటినుంచి వచ్చిన ప్రతి ఫ్లాపీలో వైరస్ ఉందేమో ముందు చూడాలి. ఫలితం తెర మీద వస్తుంది. దాన్ని చదివి చెప్పడానికి ఇంకొకరు కావాలి. "గిట్లయితే ఒక్క పనికి ఇద్దరిని పెట్టుకోవాలె" అని సెంటర్ నడిపే మా సారు సణిగేవాడు. శివన్న ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టుంది.

అప్పుడు నాకు తట్టింది. తెర చెప్పేది గొంతు చెబితే? మైకు పెట్టి నా గొంతే రికార్డు చేశాను. "వైరస్ కనబడలేదు" అని పుస్తకంలా చెప్పబోతే శివన్న పకపకా నవ్వాడు. "గట్ల రేడియో లెక్క వద్దు చెల్లె. మనం అన్నట్టే అననీ." సరే, వైరస్ లేకపోతే ‘ఏం లే!’ ఉంటే ‘ఉన్నది, ముట్టకు!’ ఆ డబ్బా మొదటిసారి నోరు విప్పి ‘ఏం లే!’ అన్నప్పుడు ఇద్దరం కేకలు పెట్టాం. ఆయన అదే ఫ్లాపీని మళ్లీ మళ్లీ పెట్టి విన్నాడు. నాకు కాలు నేల మీద నిలవలేదు!

సారుకు చూపించే ముందు గీతలు పడ్డ ఫ్లాపీ ఒకటి పెట్టి చూశాను. వెతుకులాట సగంలో ఆగిపోయింది. అయినా డబ్బా ‘ఏం లే!’ అంది. ప్రోగ్రాం నేను అలా రాశాను మరి. వైరస్ దొరికితే ఒక మాట, మిగతా అన్నిటికీ ఇంకో మాట. ‘తెల్వదు’ అనే మూడో మాట ఉండాలని ఆ క్షణమే అర్థమైంది. మరి ఎందుకు ఆగలేదు? శభాష్ అనిపించుకోవాలని తొందర, అంతే. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. సారు మెచ్చుకున్నాక, సరిచేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని దాన్ని అలాగే వదిలేశాను.

ఆత్మకూరు నుంచి ఎవరో తెచ్చిన పాత ఫ్లాపీకీ వెతుకులాట సగంలోనే ఆగి డబ్బా ‘ఏం లే!’ అంది; శివన్న ఆ గొంతు నమ్మి తెరిచాడు. అందులోని వైరస్‌తో, పిల్లల ప్రాజెక్టులతో సహా సెంటర్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది.

సారు ముందే శివన్న నన్ను మెల్లగా అడిగాడు. "చెల్లె, ఏం లే అన్నది గద. నా చెవులతోని విన్న. నీ దాంట్ల ఏమన్న తప్పున్నదా?"

"లేదన్నా. నువ్వే తప్పు బటన్ ఒత్తినట్టున్నవ్, కనబడక."

కనబడక. ఆ ఒక్క మాటతో అందరూ నమ్మేశారు. ఘోరం ఏమిటంటే, ఆయన కూడా నమ్మాడు. "అయ్యుంటది" అని తన వేళ్లు తానే తడుముకున్నాడు. సారు ఆ వారమే ఆయన్ని తీసేశాడు. గద్వాలలో మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ ఉన్నాడని, కంప్యూటర్ మళ్లీ ముట్టలేదని తర్వాత విన్నాను.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారేమో. వెళ్లాను. గద్వాల బస్టాండులో దిగి, అక్కడినుంచే తిరుగు బస్సు ఎక్కాను. ఇంతకంటే పిరికిదాన్ని చూశారా? క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఎవరో ఒకరికి తెలిస్తే చాలు. ఆ రోజు శివన్న సరైన బటనే ఒత్తాడు. అబ్బ, అనేశాను!