జాన్ గిటారు ఎవరికి వినబడింది

ఎల్లారెడ్డి చర్చిలో జాన్ గిటారు వాయిస్తాడని అందరికీ తెలుసు. విన్నవాళ్లు మాత్రం లేరు. వేదికకు ఒక పక్క డోలక్, ఇంకో పక్క కీబోర్డు, కింద సంఘమంతా చప్పట్లు. ఆ హోరు నడుమ జాన్ వేళ్లు ఆడుతుంటాయి, తల ఊగుతుంటుంది, శబ్దం ఆ దేవుడికే ఎరుక. "నువ్వు నిజంగ వాయిస్తవా, ఉత్తగ పట్టుకొని నిలబడతవా?" అని భార్య సుధారాణి ఆదివారం ఆదివారం అడిగేది. మండల ఆఫీసులో అటెండరుగా పైవాళ్ల మాటలన్నీ పడ్డ మనిషికి ఇంటి మాట ఒక లెక్కా? నవ్వి ఊరుకునేవాడు.

డిసెంబరు మొదట్లో మాత్రం నవ్వు రాలేదు. ఆరాధన ముగిశాక సంఘపెద్ద అబ్రాహాము అతణ్ణి పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు జాన్. ఈ క్రిస్మస్‌కు స్టేజీ జర ఇరుకైతది. కీబోర్డులనే గిటారు సప్పుడు గూడ ఉన్నదంటున్నరు. నువ్వు కింద కూసొని ఆరామ్‌గ పాటలు ఇను."

"నా గిటారు ఎన్నడన్న ఇన్నరా అన్నా?"

"గదే గద చెప్తున్న. ఇనలే."

అబ్రాహాముకు అబద్ధం చేతకాదు, అదే చిక్కు. జాన్ గిటారు భుజానికి తగిలించుకున్నాడు. "వచ్చే ఆదివారం ఇనిపిస్త. ఇన్నంక మీ ఇష్టం" అన్నాడు.

అప్పుడే అక్కడే వాయించి చూపొచ్చు కదా అంటారా? ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తే జాన్ వేళ్లు కొయ్యబారిపోతాయి. ఇంట్లో తనకు తానే వాయించుకోవడం తప్ప, డోలక్ చాటు లేకుండా నలుగురి ముందు ఏనాడూ వాయించినవాడు కాదు. అందుకే రికార్డు చేసి వినిపిద్దామనుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి కామారెడ్డి బస్సెక్కాడు. కూతురు అనిల అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇద్దరూ వెళ్లి నేరుగా కంప్యూటరుకు తగిలించే మైకు ఒకటి కొన్నారు. అనిల తన పాత లాప్‌టాప్ ఇచ్చి, బస్టాండు బెంచీ మీదే పాఠం చెప్పింది. ఎర్ర చుక్క నొక్కితే రికార్డు మొదలవుతుంది. మైకును గిటారు బొర్రకు, నడుమనున్న ఆ గుండ్రటి రంధ్రానికి, ఎదురుగా పెట్టొద్దు, మెడ వచ్చి కలిసే చోటుకు పెట్టాలి. గది గోడలకు దుప్పట్లు కడితే మోగదు. జాన్ అన్నిటికీ తలూపాడు. బస్సు కామారెడ్డి పొలిమేర దాటేలోగా సగం మర్చిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బొంతలన్నీ గోడలకెక్కాయి. "చలికాలం గోడలకు బొంతలు కప్పితే మనమేం కప్పుకోవాలె?" అంది సుధారాణి. జాన్ వినలేదు. ఎర్ర చుక్క నొక్కాడు, క్రిస్మస్ పాట ఒకటి మొత్తం వాయించాడు, హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. చర్చిలో వినబడలేదంటే డోలక్ అడ్డం, ఇంట్లో ఏం అడ్డం? గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుని కూతురికి ఫోన్ చేశాడు.

"మైకు తగిలిచ్చినవ్ గని, దాంతోని ఇనుమని కంప్యూటరుకు చెప్పినవా బాపూ? అది తన సొంత మైకుతోనే ఇంటున్నది. సెట్టింగుల మార్చు."

మార్చాడు. ఈసారి గిటారు వచ్చింది గానీ బావిలో బిందె పడ్డట్టు గుమ్ముమంది. మైకు బొర్రకే ఎదురుగా ఉంది మరి. జరిపాడు. ఈసారి దబదబమని చప్పుడు. తాళం వేస్తున్న తన కాలే అది. కాలి కింద దిండు పెట్టాడు. అన్నీ సర్దుకున్నాక పక్క గదిలోంచి కటకటమని కుట్టు మిషన్. ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టేది సుధారాణే.

"జర మిషన్ ఆపుతవా?"

"ఆపుత. పండుగ జాకెట్లు నువ్వు కుడతవా?"

బతిమాలగా బతిమాలగా ఒక ఒప్పందం కుదిరింది. రోజూ అతను రికార్డు చేసేంతసేపు ఆమె మిషన్ ముట్టదు, హుక్కులు కుట్టుకుంటుంది. హుక్కులకు చప్పుడుండదు.

శుక్రవారం సాయంత్రం పాట మొదటి నుంచి చివరి దాకా కుదిరింది. నడుమ ఒక్కచోట వేలు జారి, ఆగి, మళ్లీ అందుకున్నాడంతే. హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. గిటారు చక్కగా వినబడింది. దాని వెనకాల సన్నగా ఇంకేదో. టీవీ అనుకుని చూశాడు, ఆపే ఉంది. మళ్లీ విన్నాడు. ఎవరో కూనిరాగం తీస్తున్నారు. గిటారు ఎటు పోతే అటు పోతోంది. వేలు జారి తను ఆగిన చోట ఆ రాగమూ ఆగింది. తను అందుకోగానే అందుకుంది.

జాన్ లాప్‌టాప్ ఎత్తుకుని పక్క గదిలోకి నడిచాడు. భార్య చెవులకు హెడ్‌ఫోను పెట్టాడు.

"ఎవరామె? మంచిగనే పాడుతున్నది" అంది సుధారాణి.

"నువ్వే."

"నేనెందుకు పాడిన? హుక్కులు కుడుతున్న."

"నా గిటారు ఇనవడదన్నవ్ గద?"

ఆమె హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. "చిన్న ఇల్లు. ఇనవడక ఏం చేస్తది" అని, హుక్కు మీద దారం బిగిస్తూ, "రోజూ ఇనవడుతది. మిషన్ సప్పుడుల నేను పాడేది నీకే ఇనవడదు" అంది. ఇన్నేళ్లూ తనకు ఒక్క శ్రోతా లేదనుకున్న జాన్ హెడ్‌ఫోను తీసుకుని ఆ పాట ఇంకోసారి విన్నాడు. ఆమె మాత్రం వెంటనే తేరుకుంది. తన పగిలిన కుండ గొంతు నలుగురికీ వినిపిస్తే ఊరుకోనంది. శనివారం ఆమె నోరు బిగబట్టుకుని కూర్చుంటే జాన్ ఇంకోసారి వాయించాడు. తప్పులేకుండా వచ్చింది. పాత దాన్ని మాత్రం చెరపలేదు, రెండూ ఫోన్లోకి ఎక్కించుకున్నాడు.

ఆదివారం చర్చి వరండాలో అబ్రాహాము జాన్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని శనివారంది విన్నాడు.

"మంచిగున్నది జాన్. గని కీబోర్డుల గూడ గిట్లనే వస్తది గద" అన్నాడు, బాధగానే.

జాన్ తలూపాడు. ఫోను జేబులో పెట్టుకోబోతుంటే సుధారాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోటి ఉన్నది. అది గూడ ఇనిపియ్" అంది మొగుడితో. చెప్పేటప్పుడు ఆమె చెవులు కందిపోయాయి.

అబ్రాహాము విన్నాడు. వేలు జారిన చోట గిటారు ఆగింది, దాని కోసం కూనిరాగమూ ఆగింది. ఫోను తిరిగి ఇస్తూ అన్నాడు: "కీబోర్డు గిట్ల ఆగదు. ఈ పాటకు డోలక్ వద్దు, ఏది వద్దు. మీరిద్దరే."

"ఉత్త చేతులతోని పాడుడు నాతోని కాదు పెద్దయ్యా," అంది సుధారాణి, "చేతిల పని ఉంటేనే పాట వస్తది."

"తెచ్చుకో బిడ్డా."

క్రిస్మస్ నాడు వేదిక మీద ఒక కుర్చీలో జాన్, పక్క కుర్చీలో ఒళ్లో జాకెట్టుతో సుధారాణి. జాన్ జనం వైపు చూడలేదు, ఆమె సూది వైపే చూశాడు. వేళ్లు కొయ్యబారలేదు. చివరి వరసలో కూర్చున్న సాలవ్వ పక్కామెతో, "ఇగో, జాన్ నిజంగనే వాయిస్తడే" అన్నది అందరికీ వినబడింది.

ఆ జాకెట్టు సాలవ్వదే. ఇంటికెళ్లి తొడుక్కుని చూస్తే హుక్కులు ఒక దిక్కు, కాజాలు ఇంకో దిక్కు. తిరిగి ఇవ్వలేదు, పిన్నీసులు పెట్టుకుని తొడుక్కుంది.