ఆళ్లగడ్డ రాతి మీద ‘ఎప్ఫతా’

2019 వానాకాలం. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు పైనున్న మేడ మీద నా క్లినిక్. నేను ఆడియాలజిస్టును. చెవి ఎంతవరకు వింటోందో కొలిచి, సరిగా వినపడనివాళ్లకు హియరింగ్ ఎయిడ్ అమర్చి, దానితో రోజులు గడపడం నేర్పడం నా పని. చెవికి మందులిచ్చే డాక్టరు వేరు, మేం వేరు.

క్లినిక్ లోపల చిన్న సౌండ్‌ప్రూఫ్ గది ఒకటి ఉంటుంది. తలుపు మూస్తే బస్టాండు మాయమైపోతుంది. హారన్లు, కండక్టర్ల కేకలు, కింద షాపులో షట్టరు చప్పుడు ఏవీ ఉండవు. కొత్తగా వచ్చినవాళ్లు అందులో కూర్చోగానే గొంతు తగ్గించేస్తారు, ఎవరో నిద్రపోతున్న ఇంట్లోకి అడుగుపెట్టినట్టు. ఇన్నేళ్లయినా ఆ తలుపు మూసుకున్న ప్రతిసారీ నాకు చెరువులో మునిగినట్టే ఉంటుంది.

ఆ రోజు ఉదయం నుంచి సన్నగా వాన పడుతోంది. ఆళ్లగడ్డ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. రాతి విగ్రహాలు చెక్కే శిల్పులు. తమ్ముడు సుబ్బరాయుడికి నలభై దాటి ఉంటాయి. కుడిచేతి రెండు వేళ్లు వంకరపోయి, చర్మం ఇంకా ఎర్రగా ఉంది. అన్న వీరబ్రహ్మం వెనకాల నిలబడి, గోడ మీదున్న చెవి బొమ్మనే చూస్తున్నాడు.

“చెవులు చూపియ్యాల మేడం,” అన్నాడు సుబ్బరాయుడు.

“ఎవరికి? మీకా?”

“మా యన్నకు. నాకు చెయ్యి మాత్రమే.”

కూర్చున్నాక చెప్పాడు. ఎండాకాలంలో సగం చెక్కిన ఒక పొడుగాటి నల్లరాయిని చైన్ పుల్లీతో కిందికి దించుతున్నారు. గొలుసు అన్న చేతిలో ఉంది. తమ్ముడు కింద దుంగ సర్దుతున్నాడు. పక్కన కటింగ్ మిషన్ ఆడుతోంది. దుంగ జారింది. తమ్ముడు కేక వేశాడు. యార్డులో ఉన్నవాళ్లందరికీ వినిపించింది, గొలుసు పట్టుకున్న మనిషికి తప్ప.

“ఆ పొద్దు నుంచి మాట్లాడ్తాలేడు మేడం. ఉలి గూడా పట్టుకోలే. ఏం చెప్పినా తలకాయ ఊపుతాడు, అంతే. నేను ఏందీ అనుకోలేదని వందసార్లు చెప్పినా. యినపడిందో లేదో నాకేం తెల్సు?”

పరీక్ష చేశాను. ఆడియోగ్రామ్ అంటే వినికిడి గీత. ఏ స్వరం ఎంత గట్టిగా వస్తే చెవికి అందుతుందో చూపించే గ్రాఫ్. వీరబ్రహ్మం గీత మంద్ర స్వరాలుండే ఎడమ వైపు కాస్త పైనుండి, కీచు స్వరాలుండే కుడి వైపుకు వచ్చేసరికి లోయలో పడిపోయింది. ఏళ్ల తరబడి మిషన్ల పక్కన పనిచేసినవాళ్లకు ఇలాగే ఉంటుంది. అ, ఆ, ఓ లాంటి అచ్చులు అందుతాయి. క, త, స, ఫ అందవు. మాట పొగమంచులో నడిచొస్తున్న మనిషిలా ఉంటుంది. ఎవరో వస్తున్నారని తెలుస్తుంది గాని ముఖం తెలియదు. అందుకే వీళ్లు ఎదుటివాళ్ల పెదాలు చూస్తారు. వీరబ్రహ్మం కూడా నా కళ్లను వదిలేసి పెదాలనే చూస్తున్నాడు.

ఏ రాయి మీద పని చేస్తుండగా జరిగిందని అడిగాను. సుబ్బరాయుడు ఎడమచేత్తో ఫోన్ తీసి ఫొటో చూపించాడు. “బండి ఆత్మకూరు పక్క ఊర్లో సర్చి కడ్తాండారు. వాకిలి మీదికి రాయి. ఏందో మాట చెక్కమన్యారు. తెలుగే గానీ అర్థం కాదు.”

నునుపు చేసిన నల్లరాయి మీద రెండు అక్షరాలున్నాయి: ఎప్ఫ. మూడో దానికి సున్నంతో గీసిన గీతలు మాత్రమే ఉన్నాయి.

మాది తాతల కాలం నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. “ఇది తెలుగు కాదు,” అన్నాను. “అరామిక్ అని, ఏసు ఇంట్లో, వీధిలో మాట్లాడిన భాష. ఒక చెవిటి మనిషిని చూసి ఆయన అన్న మాట. ఎప్ఫతా. తెరుచుకో అని అర్థం.”

వీరబ్రహ్మం చూపు నా నోటి మీద నిలిచిపోయింది. ఆ మాటను అద్దం ముందు అని చూసుకుంటే మీకే తెలుస్తుంది. పెదాలు ఒకదాన్నొకటి తాకి మూసుకుంటాయి, చివరి ‘తా’ దగ్గర నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. చెవులు లేకపోయినా కంటితో చదవగలిగిన మాట అది.

“ఇంగోసారి,” అన్నాడు వీరబ్రహ్మం.

సుబ్బరాయుడు ఉలిక్కిపడి అన్న వైపు తిరిగాడు. నేను ఇంకోసారి అన్నాను. ఆయన పెదాలు శబ్దం లేకుండా నాతోపాటు కదిలాయి.

మా క్లినిక్‌లో నాకు సాయం చేసే షాహిదా తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింది. వాళ్లు వెళ్లాక, “మేడం, మా ఖురాన్ మొదట్లో వచ్చే ఫాతిహా గూడా అట్లాంటి మాటే గదా, తెరిచేది అనే అర్థం,” అంది. అవును, అరబ్బీ, అరామిక్ అక్కాచెల్లెళ్ల లాంటి భాషలు. ఆ సాయంత్రం వాన చూస్తూ ఇద్దరం కాసేపు ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకున్నాం.

తర్వాతి వారం ఇయర్ మోల్డుల కోసం అచ్చు తీశాను. చెవిలోకి మెత్తటి ముద్ద పంపి, అది గట్టిపడ్డాక బయటికి తీస్తే చెవి లోపలి ఆకారం చేతికొస్తుంది. దాన్ని బట్టి తయారైన ఎయిడ్లు కొన్ని రోజులకు వచ్చాక రెండు చెవులకూ అమర్చాను. వీరబ్రహ్మం తన చొక్కా చెయ్యి రాసుకుంటున్న చప్పుడు విని దాన్ని తడిమి చూసుకున్నాడు. కిటికీ రేకు మీద వాన చుక్కల్ని విన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. మెట్లు దిగి బస్టాండులోకి వెళ్లారు. అక్కడ ఒక బస్సు వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. ఆయన రెండూ పీకేసి జేబులో వేసుకున్నాడట. మళ్లీ పెట్టుకోలేదు.

“పెట్టెలో పడేసినాడు మేడం,” అని సుబ్బరాయుడు ఫోన్ చేశాడు. “ఇంగ వద్దని చెయ్యి ఊపుతాండాడు. మీరే ఏమన్నా చెయ్యాల.”

ఆ ఆదివారం అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మ రిటైరైన టీచరు, చర్చిలో పిల్లలకు ఇప్పటికీ కథలు చెబుతుంది. రాయి సంగతి, మనిషి సంగతి చెప్పాను.

“ఆ కథ నువ్వు మళ్లా చదువుకో పాపా,” అంది. “ఆ మనిషి తనంతట తాను రాలేదు. వేరేవాళ్లు తోడుకోనొచ్చినారు. ఏసు ఏం చేసినాడు? అందరి ముందర చేసినాడా? జనంలోనుంచి ఆ మనిషిని పక్కకు తీసకపోయినాడు. చెవుల్లో వేళ్లు పెట్టినాడు, నాలుక ముట్టినాడు, ఆకాశం దిక్కు చూసి నిట్టూర్చినాడు. అప్పుడు గదా ఆ మాట అన్నది. ఎన్నడూ యినని మనిషికి ఆ జనం గోలంతా ఒక్కసారి చెవుల్లో పడితే తట్టుకుంటాడా?”

“సువార్త రాసింది గ్రీకులో కదమ్మా. ఆ కథలో ఆ ఒక్క మాటను మాత్రం అరామిక్‌లోనే ఎందుకు ఉంచేశారు?”

“ఆ మనిషి యిన్న మొదటి మాట అదే. దాన్ని మార్చి రాసేదానికి చేతులు రాలేదేమో. ఇంగోటి చూడు. చెవీ తెరుచుకో అన్లేదు, నాలుకా అన్లేదు. మనిషిని చూసి అన్నాడు, తెరుచుకో అని.”

వచ్చిన అమావాస్య నాడు ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పుల ఇళ్లలో అమావాస్యకు ఉలి పట్టరు. ఎప్పుడూ మిషన్ల రొదతో ఉండే యార్డు ఆ రోజు నిద్రలో ఉన్నట్టుంది. తల మాత్రమే బయటపడిన ఏనుగులు, ముఖం ఇంకా రాని దేవతలు, పొట్ట వరకు రాతిలోనే ఉన్న నందులు వరసగా పడుకుని ఉన్నాయి. వేపాకుల మీద తెల్లటి రాతి పొడి. దూరంగా నల్లమల నీలంగా, కదలకుండా ఉంది. నాకైతే ఆ ఊరంతా నా సౌండ్‌ప్రూఫ్ గదిలా అనిపించింది.

రేకుల షెడ్డు కింద వీరబ్రహ్మాన్ని కూర్చోబెట్టాను. ఎదురుగా సుబ్బరాయుడు. ఎయిడ్లలో గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే శక్తి, బాగా తగ్గించి చెవులకు పెట్టాను. తర్వాత పక్కకు జరిగి కూర్చున్నాను.

కొంతసేపటికి ఆయన తలెత్తి పైకి చూశాడు. “ఏందది?”

“కాకి అన్నా. రేకు మీద నడుస్తాంది.”

తమ్ముడి మాట ముఖంతో సహా చేరిందని నాకు తెలిసింది. వీరబ్రహ్మం కళ్లు ఆ పెదాల మీద లేవు, ఆ వంకరపోయిన వేళ్ల మీద ఉన్నాయి.

“రాయుడూ.”

“ఆఁ అన్నా.”

“ఆ పొద్దు నువ్వు అరిసినావంట గదా. ఏమని అరిసినావ్?”

“ఇప్పుడెందుకులే అన్నా అది.”

“చెప్పురా. అందరూ యినిరి. నేనొక్కన్నే యినలే. ఆ కేక యిననోనికి ఇంగ కాకులూ వానలూ యినేదెందుకు అనుకుంటి.”

సుబ్బరాయుడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

“‘అన్నా’ అని అరిసినా.”

“ఆపమని అన్లేదా?”

“లేదు. నోట్లోనుంచి అదొక్కటే వచ్చె. ఇంగోటి అనేలోపల రాయి చేతి మీద కూచ్చునె.”

“ఏదీ, ఆ పొద్దు అరిసినట్ల అను.”

సుబ్బరాయుడు లేచి నిలబడ్డాడు. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. కేక రాలేదు. మామూలు గొంతుతో, ఇంట్లో అన్నానికి పిలిచినట్టుగా, “అన్నా,” అన్నాడు.

“ఆఁ,” అన్నాడు వీరబ్రహ్మం. “వచ్చినా రా, వచ్చినా.”

ఆ తర్వాత ఆయన ఏడ్చాడు. తమ్ముడు వెళ్లి పక్కన కూర్చున్నాడు. నేను లేచి రాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగాను. అక్కడ నా పని ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర వీరబ్రహ్మం మాటల్లో పడ్డాడు. చాలాకాలం దాచుకున్నవాళ్లు మాట్లాడినట్టే, దేని తర్వాత ఏది చెప్పాలో తెలియక అన్నీ చెప్పాడు. రాతిని తడితే లోపల పగులుంటే దాని మోత మారుతుందని, ఆ మోత తేడా తెలియక కొన్నేళ్లుగా తమ్ముడి చేతే తట్టిస్తున్నానని, ఆ మాట ఎవరికీ చెప్పలేదని అన్నాడు. చివరికి చర్చి రాయి దగ్గరికి తీసుకెళ్లాడు.

“మా దాంట్లో విగ్రహానికి ఆకరున కండ్లు తెరిపిస్తాము మేడం. ఈళ్ల దాంట్లో చెవులా?”

చెవి కాదు, నాలుక కాదు, మనిషినే తెరుచుకోమన్నాడని అమ్మ చెప్పింది చెప్పాను. ఆయన సున్నం గీతల మీద బొటనవేలితో రుద్దాడు. “అట్లయితే ఈ అక్షరం రవ్వంత లోతుగా కొట్టాల,” అన్నాడు.

అలాగే కొట్టాడు. చర్చి తెరిచిన రోజు నేను, అమ్మ కలిసి బండి ఆత్మకూరు దాటి ఆ ఊరికి వెళ్లాం. ఎండ ఏటవాలుగా పడుతుంటే మూడు అక్షరాల్లో ‘తా’ ఒక్కటే చీకటిగా, తలుపు తీసి పెట్టిన గదిలా కనిపించింది. అన్నదమ్ములిద్దరూ బయట అరుగు మీద కూర్చుని పాటలు విన్నారు. డప్పులు జోరందుకోగానే వీరబ్రహ్మం ఎయిడ్ల శబ్దం తగ్గించుకుని నా వైపు చూసి నవ్వాడు. సుబ్బరాయుడి వేళ్లు మాత్రం మళ్లీ తిన్నగా కాలేదు. నగిషీ పని ఆయన చేతిలోంచి పోయింది. ఇప్పుడు రాయి ఎంచి, బొమ్మ గీసిచ్చేది ఆయన, చెక్కేది అన్న.

ఈ కేసు నా పద్ధతిని మార్చింది. అంతకుముందు నేను వచ్చినవాళ్లను ఏ శబ్దాలు వినపడటం లేదని అడిగేదాన్ని. ఆ జవాబు గ్రాఫ్ ఎలాగూ చెబుతుంది. ఇప్పుడు ముందుగా ఎవరి గొంతు వినాలనుందని అడుగుతాను. ఆ మనిషిని పిలిపించి, గోల లేని చోట, మొదటి మాట వాళ్ల చేత అనిపిస్తాను. ఆ మాట వాళ్ల ఇంటి మాటగానే ఉండాలి. నా మాట దానికి సరిపోదు.

మొన్న ఉయ్యాలవాడ నుంచి ఒక అవ్వ వచ్చింది. “ముందుగా ఎవరి గొంతు వినాలనుంది అవ్వా?” అని కాగితం మీద రాసి చూపించాను.

“మా ఎనుముది,” అంది. “పొద్దున్నే పిలుస్తాది. యినపడక నేను పోయేది ఆలిస్యమైతాంది. అది అలుగుతాంది.”

షాహిదా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను ఎయిడ్ల పెట్టె సర్దుకుని, మరునాడు తెల్లవారకముందే, ఆ గేదె పిలిచే వేళకు అందుకోవాలని ఉయ్యాలవాడ బస్సెక్కాను.