నాయనమ్మ తిట్టుకున్న ఇల్లు

మొన్న ఆదివారం మా అమ్మాయి బడి పిల్లలతో పాటు కార్వాన్‌లోని మా పాత ఇంటికి వెళ్లాను. ఇప్పుడది వారసత్వ కట్టడం. గైడు పిల్లలందరినీ ఒక గది ముందు ఆపి, చెప్పులు విప్పి లోపలికి రమ్మన్నాడు. అది మా బర్రెల కొట్టం. నా చిన్నప్పుడు అందులోకి చెప్పుల్లేకుండా వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఈ గల్లీలన్నీ పొలాలుగా ఉన్న రోజుల్లో మా తాతల తాత బర్రెలను తోలుకొచ్చి, కాస్త భూమి సాగు చేసుకుంటూ కట్టిన ఇల్లది. మోకాలెత్తు గడప, మెడ వంచితే తప్ప దూరలేని తలుపు, మూరెడు మందం మట్టిగోడలు. పాల వ్యాపారం పెరిగింది, చుట్టూ బస్తీ పెరిగింది, ఇల్లు మాత్రం అట్లాగే ఉంది. వాన పడితే పెంకుల సందుల్లోంచి కారే నీళ్లకు నాయనమ్మ గిన్నెలు పెట్టేది. పెడుతూ ఇంటిని తిట్టేది. పాలు విరిగినా, తాతకు దగ్గొచ్చినా తప్పు ఇంటిదే. చిన్నప్పుడు మాకు పద్యాలకన్నా ముందు ఆ తిట్లే నోటికొచ్చాయి.

అందుకే మా చిన్నాన్న దాన్ని కూల్చి మూడంతస్తులు వేద్దామన్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆమే. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. ఆ వారమే, పాత ఇళ్ల గురించి పరిశోధన చేసే ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. మొదట్లో ఇక్కడ స్థిరపడ్డ రైతుల ఇళ్లలో ఈ వైపున మిగిలింది ఇదొక్కటేనని, కూల్చకుంటే మరమ్మతులు తమ సంస్థే చేయిస్తుందని చెప్పింది. గోడను చేత్తో నిమిరి, పేడ అలుకు వాసన పీల్చి మురిసిపోయింది. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని నాయనమ్మ మంచినీళ్లిచ్చింది.

చిన్నాన్నకు దిగులు పట్టుకుంది. పాములున్నాయని చెప్పాడు, గోడలు రేపోమాపో కూలతాయని చెప్పాడు. ఆవిడ కదలకపోయేసరికి, "ఇది ఇల్లు గాదు మేడం. బర్రెలు గూడ ఉండయి దీంట్ల" అన్నాడు.

బియ్యం చెరుగుతున్న నాయనమ్మ చేట పక్కన పెట్టింది.

"పెండ్లయిన కాడికెల్లి దీంతోని తిప్పలు పడ్డది నేను. నేను తిడ్త. నువ్వెవనివిరా తిట్టెతందుకు? బర్రెలు గూడ ఉండయన్నవ్. నువ్వు ఈ అర్రలనే పుడితివి. మరి నువ్వేంది?"

ఇల్లు నాయనమ్మ పేరు మీదుంది. మేస్త్రీకి రావద్దని కబురు వెళ్లింది.

తర్వాత మేమంతా జల్‌పల్లిలో చిన్నాన్న కట్టిన కొత్త ఇంటికి మారాం. నాయనమ్మ మాత్రం పొద్దున్నే ఆయన బండెక్కి కార్వాన్ వచ్చేది. చూడవచ్చినవాళ్లు గోడకు ఆనుకుంటే లేపేది. ఎవరైనా ఇల్లు బాగుందని పొగిడితే, ఎండాకాలం చల్లగుంటుందని ఒప్పుకుని, వెంటనే దాని లోపాలన్నీ ఏకరువు పెట్టి వాళ్ల ముచ్చట తీర్చేది.

అన్ని తరాలు గడిచినా ఆ ఇల్లు నాకెప్పుడూ పాతదనిపించలేదు. నాయనమ్మ పోయాక ఏడాదికే పాతదైపోయింది.